ఇంటి నుంచి జర్నల్ తెరుచుకునేదాకా: ఒక లైబ్రరీ ఉద్యోగి అనుభవం

2020 మార్చి చివరి వారం. లాక్‌డౌన్ మొదలై మూడో రోజో, నాలుగో రోజో. కోస్తాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో నేను అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. ఆ ఉదయం వంటగది పక్కన చిన్న బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ఒక ప్రొఫెసర్ గారు అడిగిన వ్యాసం తీసి పంపుదామని రోజూ తెరిచే జర్నల్ సైటే తెరిచాను. వ్యాసం పేరు వచ్చింది, సారాంశం వచ్చింది. దాని కింద పీడీఎఫ్ బటన్ ఉండే చోట ధర ఉంది. ఒక్క వ్యాసానికి దాదాపు నలభై డాలర్లు.

అప్పటికి ఆ ఉద్యోగంలో నాకు పదకొండేళ్లు. ఆ డేటాబేస్‌లకు ఏటా చందా కట్టే ఫైలు నా టేబుల్ మీది నుంచే వెళ్లేది. ఏ జర్నల్ ఏ ప్యాకేజీలో ఉందో నిద్రలో అడిగినా చెప్పగలను. అలాంటిది, ఆ ధర పేజీని నేను అంతకుముందు ఒక్కసారి కూడా చూడలేదు. నా కుర్చీలో కూర్చుని ఏది నొక్కినా తెరుచుకునేది కాబట్టి, అందరికీ అలాగే తెరుచుకుంటుందని మనసులో ఎక్కడో ఉండిపోయింది.

"సార్, ఇంటి దగ్గర రావట్లేదు" అని స్కాలర్లు ఫోన్ చేయడం కొత్తేమీ కాదు. "క్యాంపస్‌కి వచ్చినప్పుడు చూసుకోమ్మా" అని మేం చెప్పడమూ కొత్త కాదు. అదొక జవాబేనని అన్నేళ్లూ అనుకున్నాను.

ఆ ఫోన్లలో ఒకటి బాగా గుర్తుంది. రంపచోడవరం వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్. మా దగ్గర పార్ట్ టైమ్ పీహెచ్‌డీ. ఏజెన్సీ భూముల చరిత్ర మీద పని చేస్తున్నారు. నెలకొకసారి శుక్రవారం సాయంత్రం కాలేజీ అయ్యాక బస్సెక్కి రాజమండ్రి వచ్చి, అక్కడ రైలు పట్టుకుని, శనివారం పొద్దున్నే మా లైబ్రరీ తలుపు తీసే వేళకి మెట్ల మీద ఉండేవారు. సాయంత్రం దాకా కూర్చుని పెన్ డ్రైవ్ నింపుకుని వెళ్లేవారు. ఆమె పట్టుదల చూసి నేను ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. అంత దూరం ఎందుకు రావాల్సి వస్తోందని ఒక్కసారీ అడగలేదు. లాక్‌డౌన్‌లో ఆమె ఫోన్ చేసి, "సార్, బస్సులు లేవు. థీసిస్ మూడో అధ్యాయం మధ్యలో ఆగిపోయింది. ఏదైనా దారి ఉందా?" అన్నారు. దారి లేదు. ఆ మాట పైకి చెప్పడం చాలా కష్టమైంది.

అసలు సమస్య ఎక్కడుందో చెప్తాను. లైబ్రరీలు కొనే డేటాబేస్‌లలో ఎక్కువ భాగం చదివే మనిషిని గుర్తుపట్టవు, ఆ మనిషి ఏ నెట్ మీద నుంచి వచ్చాడో చూస్తాయి. పెళ్లి భోజనాల దగ్గర మన పేరెవరూ అడగరు, ఆడపెళ్లి వారా మగపెళ్లి వారా అని మాత్రం అడుగుతారు, అలాగన్నమాట. మా క్యాంపస్‌లో ఎన్ని కంప్యూటర్లున్నా బయటి ప్రపంచానికి కనిపించే ఐపీ అడ్రస్‌లు కొన్నే. చందా కట్టేటప్పుడు ఆ అడ్రస్‌లు రాసి ఇస్తాం. వాటి నుంచి వచ్చినవాళ్లు మావాళ్లు, వేరే చోటు నుంచి వచ్చినవాళ్లు ఎవరో. అదే స్కాలర్ సాయంత్రం ఇంటికెళ్లి ఫోన్ డేటా ఆన్ చేస్తే మొబైల్ కంపెనీ అడ్రస్‌తో వెళ్తాడు. చందా కట్టింది తన యూనివర్సిటీయే అయినా అక్కడ తను పరాయివాడు.

మొదటి నెలంతా చేతిపనే. వాట్సాప్ గ్రూపులో స్కాలర్లు వ్యాసాల వివరాలు పెట్టేవారు. క్యాంపస్‌లో అత్యవసర డ్యూటీ పాస్ ఉన్న ఒక సహోద్యోగి వెళ్లి డౌన్‌లోడ్ చేసి ఎవరిది వారికి మెయిల్ చేసేవారు. పని జరిగింది గానీ అది చదువుకునే పద్ధతి కాదు. పరిశోధన చేసేవాళ్లకు ఏ వ్యాసం కావాలో ముందే తెలియదు. పది తెరిచి తొమ్మిది మూసేస్తే ఒకటి పనికొస్తుంది. మూసేయబోయే తొమ్మిదింటి కోసం మమ్మల్ని అడగడానికి వాళ్లకు మొహమాటం. అడగడం మానేసినవాళ్లు ఎంతమందో మాకెప్పటికీ తెలియదు.

తర్వాత వీపీఎన్, అంటే ఇంట్లోని కంప్యూటర్‌ని క్యాంపస్ నెట్‌లోనే ఉన్నట్టు కలిపే పద్ధతి. ఫైర్‌వాల్‌తో పాటు వచ్చిన ఆ సౌకర్యం అప్పటికే మా కంప్యూటర్ సెంటర్‌లో ఉంది. దాన్ని తెరిచి ఇరవై మందికి ఇచ్చి చూశాం. ప్రతి ఒక్కరూ ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి, సెట్టింగ్స్ మార్చుకోవాలి. మా స్కాలర్లలో చాలామందికి ల్యాప్‌టాప్ లేదు, ఫోనే. పైగా వీపీఎన్ ఆన్ చేసి మర్చిపోతే ఇంట్లో పిల్లలు చూసే వీడియోలు కూడా మా క్యాంపస్ లైను మీదుగానే పోతాయి. రెండు వారాలకే ఆపేశాం. ల్యాబ్‌లోని సర్వర్ దాకా వెళ్లాల్సినవాళ్లకు వీపీఎన్ మంచిదే. ఒక వ్యాసం చదవాల్సిన మనిషికి అంత సరంజామా అక్కర్లేదు.

అప్పుడు ప్రాక్సీ వైపు, అంటే చదివేవాళ్లకూ డేటాబేస్‌కూ మధ్యవర్తిగా ఉండే సర్వర్ వైపు వెళ్లాం. ప్రపంచంలో చాలా లైబ్రరీలు వాడేది ఈజీప్రాక్సీ. దాని పుట్టుక నాకెంతో ఇష్టమైన సంగతి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీలో పనిచేసే క్రిస్ జాగర్ 1999లో దాన్ని రాశారు. ఇంటి నుంచి చదువుకునే విద్యార్థుల ఇబ్బంది చూసిన ఒక లైబ్రేరియన్ చేసిన పని అది. 2008లో ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థ దాన్ని తీసుకుంది. ఏటా లైసెన్సు కట్టాలి. మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. మైలాఫ్ట్, నింబస్, రిమోట్ఎక్స్ఎస్ లాంటివి చాలా కాలేజీలు వాడుతున్నాయి. సొంత సర్వర్, దాన్ని చూసుకునే మనిషి లేని కాలేజీకి అవే నయమని నా అభిప్రాయం. మాకు సర్వర్ ఉంది, కంప్యూటర్ సెంటర్‌లో ఒక ఓపికైన కుర్రాడు ఉన్నాడు. అందుకే మా దగ్గరే పెట్టుకున్నాం.

అది చేసే పని చెప్పడం తేలిక. ఇంట్లో ఉన్న స్కాలర్ ముందు మా ప్రాక్సీ దగ్గరికి వచ్చి లాగిన్ అవుతాడు. ప్రాక్సీ అతని తరఫున డేటాబేస్ దగ్గరికి వెళ్తుంది. ప్రాక్సీ ఉన్నది క్యాంపస్‌లో కాబట్టి డేటాబేస్ లోపలికి రానిస్తుంది. వచ్చిన పేజీలోని ప్రతి లింకునూ మార్చి, మళ్లీ తన మీదుగానే పోయేలా చేసి స్కాలర్‌కి అందిస్తుంది. బ్రౌజర్ ఉంటే చాలు, ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు.

చెప్పినంత తేలిగ్గా కుదరలేదు. మొదటి అడ్డు డీఎన్ఎస్ దగ్గర, అంటే ఏ సైటు పేరు ఏ సర్వర్‌ది అని చెప్పే పట్టిక దగ్గర. ప్రాక్సీ ప్రతి డేటాబేస్‌కూ మా డొమైన్ కింద ఒక కొత్త పేరు సృష్టిస్తుంది. పేర్లు వందల్లో ఉంటాయి, ఏవేవి పుడతాయో ముందే తెలియదు. అందుకని "ఈ పేరు కింద ఏది వచ్చినా ఈ సర్వర్‌కే పంపు" అని డీఎన్ఎస్‌లో నక్షత్రం గుర్తుతో ఒక వైల్డ్‌కార్డ్ ఎంట్రీ పెట్టాలి. మా డొమైన్ చూసే విభాగానికి అలాంటి అభ్యర్థన అదే మొదటిది. భద్రతకు ముప్పేమోనని వాళ్ల భయం, అది సహజమే. ఫైలు పైకి వెళ్లి కిందికి వచ్చింది. చివరికి నేను ఒక కాగితం మీద స్కాలర్ ఇల్లు, మా సర్వర్, డేటాబేస్, మూడూ గీసి, మధ్యలో బాణాలు వేసి, స్వయంగా తీసుకెళ్లి చూపించాను. అరగంటలో సంతకం అయింది. రెండు పేజీల లేఖ చేయలేని పని ఆ బొమ్మ చేసింది.

తర్వాత సర్టిఫికెట్. బ్రౌజర్లో తాళం గుర్తు రావాలంటే ఆ నక్షత్రం పేర్లన్నింటికీ సరిపోయే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కావాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2018 నుంచి వాటినీ ఉచితంగా ఇస్తోంది. గడువు 90 రోజులు. అయితే అలాంటి సర్టిఫికెట్ ఒక్క చుక్క లోతు వరకే పనిచేస్తుంది. అంటే డేటాబేస్ అసలు పేరులోని చుక్కలన్నింటినీ అడ్డగీతలుగా మార్చి, మా డొమైన్‌కి ముందు ఒకే ముక్కగా అతికించాలి. ఈ సంగతి తెలియక మేం మూడు రోజులు తల పట్టుకున్నాం. లాగిన్ పేజీ బాగానే వస్తుంది, డేటాబేస్‌లోకి అడుగుపెట్టగానే ఎర్ర హెచ్చరిక. ప్రాక్సీలో అడ్డగీతల సెట్టింగ్ ఆన్ చేశాక పోయింది. ఎవరైనా కొత్తగా పెట్టుకుంటుంటే మొదటి రోజే దీన్ని చూసుకోండి.

జులై మూడో వారంలో సర్టిఫికెట్ తీసుకున్నాం. రెన్యువల్ కోసం ప్రతిసారీ డీఎన్ఎస్‌లో ఒక ఎంట్రీ చేత్తో మార్చాలి. అక్టోబర్‌లో దసరా సెలవులు వచ్చాయి, సర్టిఫికెట్ గడువు ఆ సెలవుల మధ్యలో తీరిపోయింది. పండగ పూట స్కాలర్లందరికీ "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అన్న పేజీ. అది నా తప్పే, తేదీ రాసిపెట్టుకోలేదు. అప్పటి నుంచి అరవయ్యో రోజున ఇద్దరం మార్చుకుంటాం, నా ఫోన్లోనూ ఆ కుర్రాడి ఫోన్లోనూ అలారం ఉంది.

అన్నింటికంటే ఎక్కువ సమయం పట్టింది మాత్రం కంప్యూటర్ పని కాదు, మనుషుల జాబితా. లోపలికి ఎవర్ని రానివ్వాలి? లైసెన్సు ఒప్పందాల్లో స్పష్టంగా ఉంటుంది: ప్రస్తుత విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది. మరి ప్రస్తుతం ఉన్నవాళ్లెవరు? అడ్మిషన్ల విభాగంలో ఒక జాబితా, పరీక్షల విభాగంలో ఇంకొకటి, పరిశోధన విభాగంలో మరొకటి. ఒకే అమ్మాయి పేరు మూడు చోట్ల మూడు స్పెల్లింగులు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. ఫోన్ నంబర్లు సగం నాన్నగారివో అన్నయ్యవో. పార్ట్ టైమ్ స్కాలర్లయితే కొన్ని జాబితాల్లో లేనే లేరు. ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో వాళ్లే కాగితం మీద లేరు.

చివరికి మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో ఉన్న సభ్యుల వివరాలనే ఆధారం చేసుకున్నాం. లైబ్రరీ కార్డు నంబరే యూజర్ నేమ్. కార్డు లేని స్కాలర్లకు గైడ్ సంతకం చేసిన ఫారం మెయిల్‌లో పంపితే కార్డిచ్చాం. నాలుగు వారాలు మా సెక్షన్‌లో అందరం ఇళ్ల నుంచే రోజూ కొన్ని పేర్లు పంచుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వివరాలు సరిచేశాం. ఆ ఫోన్లలోనే నాకు అసలు సంగతులు తెలిశాయి. ఒక అబ్బాయి సిగ్నల్ కోసం ఊరి వాటర్ ట్యాంకు మెట్లెక్కి మాట్లాడాడు. ఒక స్కాలర్‌కి రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, అదే ఫోన్లో తమ్ముడి ఆన్‌లైన్ క్లాసులు. పీడీఎఫ్ బదులు వెబ్ పేజీ రూపంలో చదివితే డేటా తక్కువ అవుతుందని అప్పుడే మా సూచనల కాగితంలో మొదటి వాక్యంగా చేర్చాం.

రంపచోడవరం మేడమ్‌కి ఈలోగా ఇంకో చిన్న దారి దొరికింది. దేశంలోని విశ్వవిద్యాలయాల లైబ్రరీలకు సేవలందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం గాంధీనగర్ నుంచి నడిపే ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ జర్నళ్ల పథకం 2010 నుంచి ఉంది, డిగ్రీ కాలేజీల కోసమే. అందులో ఒక్కొక్క అధ్యాపకుడికీ విడిగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు కాబట్టి ఇంటి నుంచీ తెరుచుకుంటుంది. "మీ కాలేజీ అందులో ఉందేమో కనుక్కోండి మేడమ్" అన్నాను. ఉంది! మూడేళ్లుగా ఉంది, ఆమెకెవరూ చెప్పలేదు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పాత సంచికలు ఆమెకి ఆ రోజే దొరికాయి. మిగతా చరిత్ర జర్నళ్లకు మాత్రం మా ప్రాక్సీ కోసం ఆగాల్సి వచ్చింది. ఇది చదివే కాలేజీ అధ్యాపకులు ఎవరైనా ఉంటే, మీ లైబ్రేరియన్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఆగస్టులో తెరిచాం. మొదటి రోజే ఆమెకు ఫోన్ చేసి లింకు చెప్పాను. అప్పటికి ఇంకా వెబ్ పేజీ సరిగా తయారవలేదు. ఫోన్లోనే "మా ప్రాక్సీ అడ్రస్, తర్వాత స్లాష్, లాగిన్, ప్రశ్న గుర్తు, యూఆర్ఎల్, ఈక్వల్ టు, ఆ తర్వాత మీ జర్నల్ లింకు" అని ఒక్కొక్క అక్షరం చెప్తుంటే ఆమె టైపు చేశారు. లాగిన్ అయ్యారు. కాసేపు మౌనం. తర్వాత, "సార్, డౌన్‌లోడ్ అవుతోంది" అన్నారు. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి ఏమైందని అడిగింది. నా మొహం ఎలా ఉందో మరి.

పది నిమిషాలకే మళ్లీ ఫోన్. రెండో జర్నల్‌లో సారాంశం వస్తోంది, పీడీఎఫ్ నొక్కితే లైబ్రరీని సంప్రదించమంటోంది. ప్రాక్సీకి మనం చెప్పిన సైట్ల పేర్లు మాత్రమే తెలుసు. ఒక్కొక్క డేటాబేస్‌కి ఒక చిన్న పేరా రాయాలి: పేరు, మొదటి పేజీ, ఏయే డొమైన్లు దాని కిందికి వస్తాయి. వీటిని స్టాంజాలు అంటారు. ఆ ప్రచురణ సంస్థ వ్యాసాల పేజీలు ఒక డొమైన్‌లో, పీడీఎఫ్‌లు ఇంకో డొమైన్‌లో పెడుతుంది. రెండోది మా జాబితాలో లేదు. ఒక లైను చేర్చి ప్రాక్సీని రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. ఆ నెలలో ఇలాంటి లైన్లు పదుల కొద్దీ చేర్చాం. ప్రచురణ సంస్థలు సైట్లు మార్చినప్పుడల్లా ఇప్పటికీ చేరుస్తూనే ఉన్నాం. దీనికి అంతం లేదు, ఒకసారి పెట్టి వదిలేసే పని కాదు.

ఇంకో ఇబ్బంది మేం ఊహించనిది. మేం లైబ్రరీ పేజీలో డేటాబేస్‌లన్నీ అందంగా వరసలో పెట్టాం. ఎవరూ అక్కడి నుంచి రారు! గూగుల్లో వెతుకుతారు, నేరుగా జర్నల్ పేజీకి వెళ్తారు, ధర చూస్తారు, "సార్, మీ ప్రాక్సీ పనిచేయట్లేదు" అంటారు. వాళ్లు ప్రాక్సీ మీదుగా వెళ్లనే లేదు. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు, మనిషి వెతికేది అలాగే. అందుకని బ్రౌజర్ బుక్‌మార్క్‌గా పెట్టుకునే చిన్న బటన్ తయారుచేశాం. ధర పేజీ కనిపించినప్పుడు దాన్ని నొక్కితే, అదే పేజీ ప్రాక్సీ మీదుగా మళ్లీ తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో చక్కగా కుదిరింది. ఫోన్లో కొంచెం తంటా. ఫోన్ వాళ్ల కోసం లింకు అతికించి నొక్కే ఒక పెట్టె పెట్టాం. ఆ ఖాళీ పెట్టె ఉన్న పేజీయే మా లైబ్రరీ సైటు మొత్తంలో ఎక్కువమంది వాడే పేజీ అయింది.

2021 జనవరిలో ఒక శనివారం రాత్రి మెయిల్ వచ్చింది. మా ప్రాక్సీ నుంచి అసాధారణ స్థాయిలో డౌన్‌లోడ్‌లు జరుగుతున్నాయని, ఆ ఐపీని ఆపేశామని ఒక ప్రచురణ సంస్థ రాసింది. ప్రాక్సీకి ఉన్నది ఒకే ఐపీ. ఒక్కరు చేసిన పనికి బయట ఉన్న మావాళ్లందరికీ ఆ జర్నళ్లు మూతపడ్డాయి. ఆ రాత్రి నేనూ, కంప్యూటర్ సెంటర్ కుర్రాడూ ఫోన్లో మాట్లాడుకుంటూ లాగ్ ఫైళ్లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో ప్రాక్సీ రాసుకునే చిట్టాలు చదివాం. ఒకే యూజర్ నేమ్, ఒకే గంటలో, మన రాష్ట్రంలోని ఒక మొబైల్ నెట్ నుంచీ, వేరే దేశం నుంచీ లాగిన్ అయి ఉంది. ఆ రెండో చోటు నుంచి ఒక జర్నల్ సంచికలన్నీ వరసగా, నిమిషానికి ఇన్ని అన్నట్టు దిగుతున్నాయి. మనిషి చేసే పని కాదది, ప్రోగ్రామ్.

ఆ కార్డు ఒక ఎమ్మెస్సీ విద్యార్థిది. పొద్దున్నే ఫోన్ చేస్తే భయంతో గొంతు రాలేదు. టెలిగ్రామ్‌లో ఎవరో తన సీనియర్‌నని చెప్పి పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాడు. అంతే. క్రమశిక్షణ చర్య తీసుకోవాలని ఒక మాట వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మేం వాళ్లకు పాస్‌వర్డ్ ఇచ్చాం గానీ దాన్ని పంచుకుంటే ఏమవుతుందో చెప్పలేదు. పాస్‌వర్డ్ మార్పించాం, ప్రచురణ సంస్థకి జరిగింది వివరంగా రాశాం, మూడు రోజుల్లో తెరిచారు. ప్రాక్సీలో డౌన్‌లోడ్ పరిమితి అనే సెట్టింగ్ ఉంది, అప్పటిదాకా మేం దాన్ని ముట్టుకోలేదు. ఒక మనిషి నిజంగా చదివే వేగానికి అడ్డురాకుండా, ప్రోగ్రామ్‌ను మాత్రం ఆపేలా దాన్ని సర్దడానికి నెల పట్టింది. మొదట మరీ బిగించేశాం, సాహిత్య సమీక్ష రాస్తున్న ఒక స్కాలర్ లాగిన్ అర్ధరాత్రి మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత వదులు చేశాం.

ఆ రాత్రి లాగ్‌లు చదువుతుంటే ఇంకో సంగతి నన్ను కలవరపెట్టింది. ఎవరు ఏ వ్యాసం ఏ వేళకి చదివారో అందులో ఉంది. ఒక స్కాలర్ డిప్రెషన్ గురించి వరసగా చదివారు. అది వాళ్ల పరిశోధన కావచ్చు, కాకపోవచ్చు. అది నాకు తెలియాల్సిన విషయం కాదు. పుస్తకాల లైబ్రరీలో ఎవరేం చదువుతున్నారో బయటికి చెప్పకపోవడం మాకు మొదటి పాఠం. కంప్యూటర్ వచ్చిందని ఆ పాఠం మారదు. లాగ్‌లు చూసే అధికారం ఇద్దరికే పరిమితం చేయించాను, చూసిన ప్రతిసారీ ఎందుకు చూశామో రిజిస్టర్‌లో రాయాలని పెట్టించాను. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి కాబట్టి అన్ని రోజులూ ఉంచుతాం. ఆ తర్వాత తీసేస్తాం.

ఈ విషయంలో నాకు నచ్చిన పద్ధతి ఇన్ఫెడ్. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఫెడరేషన్ అది, అంటే ఒకరి లాగిన్‌ని ఒకరు నమ్మే సంస్థల కూటమి. షిబ్బోలెత్ అనే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తుంది. ఇందులో ప్రాక్సీ లేదు, ఐపీ లేదు. జర్నల్ పేజీలో "మీ సంస్థ ద్వారా లాగిన్" నొక్కితే యూనివర్సిటీ పేరు ఎంచుకోవాలి. మా లాగిన్ పేజీ వస్తుంది, మేం పాస్‌వర్డ్ చూసి "ఈ మనిషి మావాడే" అని సంతకం చేసిన ఒక చీటీ లాంటిది పంపుతాం. పేరు చెప్పనక్కర్లేదు, విద్యార్థి అనో అధ్యాపకుడనో చెబితే చాలు. షిబ్బోలెత్ అన్నది బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథంలోని మాట. యొర్దాను రేవుల దగ్గర, దాటబోయేవాళ్ల చేత ఆ మాట పలికించి, 'ష' పలకలేక 'స' అన్నవాళ్లని పరాయివాళ్లుగా గుర్తుపట్టారు. ఆ కథలో పలకలేనివాళ్లని చంపేశారు. మన దగ్గర కూడా శ, ష, స తేడా చూసి మనిషిని అంచనా వేసేవాళ్లున్నారు కదా, అందుకే ఆ పేరు వింటే నాకు మనసులో కొంచెం ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇన్ఫెడ్‌లో చేరడానికి మళ్లీ ఆ జాబితానే కావాల్సి వచ్చింది. మొదటిసారి నాలుగు వారాలు పడ్డ శ్రమ అప్పుడు అక్కరకొచ్చింది. ఇప్పుడు రెండూ నడుస్తున్నాయి. ఇన్ఫెడ్‌తో తెరుచుకునేవి అలా, మిగతావి ప్రాక్సీ మీదుగా.

2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే దేశమంతటికీ కలిపి కేంద్రమే జర్నళ్లకు చందా కట్టే పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. 2025 జనవరి నుంచి మా లాంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ కాలేజీలకు అవన్నీ వచ్చాయి. మేం జీవితంలో చందా కట్టలేమనుకున్న జర్నళ్లు మా స్కాలర్లు చదువుతున్నారు, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. కానీ ఏ పథకం కొన్నా, ఇంట్లో కూర్చున్న మనిషి దాకా చేర్చే పని ఆ సంస్థ లైబ్రరీదే. జర్నళ్లు వచ్చాయని సర్క్యులర్ మాత్రమే తెలిసి, బయటి నుంచి ఎలా తెరవాలో చెప్పేవాళ్లు లేని కాలేజీలు నాకు తెలుసు. వాళ్లు ఫోన్ చేస్తే ఎంతసేపైనా కూర్చుని చెప్తాను.

ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ మనసు ఊరుకోదు. పీహెచ్‌డీ వచ్చాక కార్డు గడువు తీరిపోతుంది. లైసెన్సు ప్రకారం పూర్వ విద్యార్థులకు దూరం నుంచి ఇవ్వకూడదు. క్యాంపస్‌కి వచ్చి లైబ్రరీలో కూర్చుంటే చూడొచ్చు. అయిదేళ్లు చదివించి, డాక్టర్ అని పిలిచిన మర్నాడే తలుపు వేసేస్తున్నాం. రిటైరైన మాస్టారు ఒకరు అడిగినప్పుడు కూడా కాదనాల్సి వచ్చింది. ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, అలాంటివాళ్ల కోసం ఒక కాగితం తయారుచేశాను. వ్యాసం ఉచిత ప్రతి ఎక్కడైనా చట్టబద్ధంగా ఉంటే చూపించే అన్‌పేవాల్ అనే బ్రౌజర్ బటన్, భారతీయ థీసిస్‌ల కోసం శోధ్‌గంగ, అవి కాకపోతే రచయితకే నేరుగా మెయిల్ రాయడం. రచయితలు చాలాసార్లు ఆనందంగా పంపిస్తారు. పుస్తకాల షెల్ఫుల మధ్య పనిచేసినన్నాళ్లూ నాకు ఇదంతా తెలియదు.

రంపచోడవరం మేడమ్ 2023లో థీసిస్ ఇచ్చారు. వైవా రోజున క్యాంపస్‌కి వచ్చి లైబ్రరీకి వస్తే, మెట్ల మీద నిలబడి, "సార్, మూడేళ్లయింది ఈ మెట్లెక్కి" అన్నారు. ఆమె కార్డు గడువు తీరే ముందు వారం నేనే ఫోన్ చేసి, కావాల్సినవన్నీ దించుకోమని చెప్పాను. ఇప్పుడు గడువుకి నెల ముందు అందరికీ అలా మెసేజ్ వెళ్తుంది.

ప్రతి ఆదివారం పొద్దున్న ఇంట్లో వైఫై ఆపి, మా ఆవిడ ఫోన్ తీసుకుని, ఒక పరీక్ష కార్డు నంబరుతో మా జాబితాలోని డేటాబేస్‌లు ఒక్కొక్కటీ తెరుస్తాను. ఒక్కొక్క దాంట్లో ఒక వ్యాసం, దాని పీడీఎఫ్ దాకా. గంటన్నర పడుతుంది. కిందటి ఆదివారం రెండు తెరుచుకోలేదు. ఒకటి వాళ్ల సైటు కొత్త డొమైన్‌కి మారింది, సాయంత్రానికి లైను చేర్చాం. రెండోదాని ధర పేజీ ఇంకా వస్తూనే ఉంది. ప్రచురణ సంస్థకి రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.